‘విచారణ జరిపించాలి’ అంటే ఏ విచారణ?

2025 జూన్ 11న కేసీఆర్ కాళేశ్వరం ప్రాజెక్టుపై వేసిన విచారణ కమిషన్ ముందుకు వెళ్లొచ్చిన రోజు సాయంత్రం మా బాబాయ్ ఫోన్ చేశారు. ఆయన రిటైర్డ్ టీచరు. రోజూ రెండు పేపర్లు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివే మనిషి. “ఏరా, పెద్దాయన్ని ఇంటికి పంపించారా, లోపలే ఉంచేశారా?” అన్నారు. కమిషన్‌కి ఎవర్నీ అరెస్టు చేసే అధికారం ఉండదు బాబాయ్ అన్నాను. “మరి విచారణ అని రాశారు కదరా! చంద్రబాబుని కూడా విచారణ అనే కదా తీసుకెళ్లి రాజమండ్రి జైల్లో పెట్టారు?”

ఆ ప్రశ్నలో బాబాయ్ తప్పేమీ లేదు. కమిషన్ సాక్షిని పిలిచి అడిగితే ‘విచారణ’. సీఐడీ నిందితుణ్ణి కూర్చోబెట్టి ప్రశ్నించినా ‘విచారణ’. కోర్టులో కేసు నడిచినా ‘విచారణ’ అనే రాస్తాం. ప్రతిపక్షం ప్లకార్డులు పట్టుకుని పోడియం దగ్గరికి వెళ్లి “విచారణ జరిపించాలి” అని అరిచినప్పుడు అది ఏ విచారణ, దాన్ని ఎవరు వేస్తారు, అందులో ఎవరు కూర్చుంటారు, చివరికి ఆ నివేదిక ఎక్కడికి పోతుంది అన్నవి చాలామందికి అందవు. అసలు విషయమంతా వాటిలోనే ఉంటుంది.

ఒకే మాట వెనక మూడు పనులు

మొదటిది వాస్తవాలు తేల్చే విచారణ. ఏం జరిగింది, ఎక్కడ తప్పు జరిగింది, బాధ్యులెవరు అని చూస్తుంది. న్యాయ విచారణ కమిషన్లు, సభా సంఘాలు, పార్లమెంటు సంయుక్త కమిటీ అంటే జేపీసీ, ఇవన్నీ ఈ కోవలోవి. వీటి చేతిలో శిక్ష ఉండదు, అరెస్టూ ఉండదు. నివేదిక మాత్రమే ఉంటుంది.

రెండోది దర్యాప్తు. ఇది పోలీసు పని. ఎఫ్‌ఐఆర్, సోదాలు, అరెస్టు, చార్జిషీటు ఇందులోకి వస్తాయి. సీబీఐ, ఏసీబీ, సీఐడీ, సిట్ అంటే ప్రత్యేక దర్యాప్తు బృందం, ఎవరు చేసినా ఇదే దారి.

మూడోది కోర్టు విచారణ. దోషా, నిర్దోషా అని చెప్పే అధికారం దీనికి మాత్రమే ఉంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ప్రభుత్వం ఒక వంతెనకు టెండరు పిలిచింది. ఒక కంపెనీ 80 కోట్లకే కడతానంది. ఏదో సాంకేతిక కారణం చూపించి దాన్ని పక్కన పెట్టి, 100 కోట్లు కోట్ చేసిన ఇంకో కంపెనీకి పని ఇచ్చారు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్‌కి వస్తే “ఎల్-1ని (అందరికంటే తక్కువ కోట్ చేసిన కంపెనీని) కాదనడానికి చూపిన కారణం నిలబడదు, 20 కోట్లు అదనపు భారం” అని రాస్తుంది. కమిషన్ వేస్తే “ఫైలు మీద ఫలానా అధికారి అభ్యంతరం రాశారు, మంత్రి దాన్ని పక్కనబెట్టారు” అని తేలుస్తుంది. సీబీఐ వస్తే ఆ కంపెనీ నుంచి ఎవరి ఖాతాలోకి ఎంత వెళ్లిందో వెతుకుతుంది. అది దొరక్కపోతే మొదటి రెండు నివేదికలు ఎంత ఘాటుగా ఉన్నా కోర్టులో కేసు నిలబడటం కష్టం. దొరికినా సాక్షులు చివరిదాకా నిలబడాలి.

“సిట్టింగ్ జడ్జితో” అని ఎందుకు అడుగుతారు?

న్యాయ విచారణ అంటే కోర్టు చేసే విచారణ అని చాలామంది అనుకుంటారు. కాదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద ప్రభుత్వం వేసే కమిషన్‌కి ఒక జడ్జి నాయకత్వం వహిస్తే దాన్ని న్యాయ విచారణ అంటున్నాం. కమిషన్ వేసేది ప్రభుత్వమే. ఏయే అంశాలు చూడాలో, గడువెంతో రాసేదీ ప్రభుత్వమే. సభ తీర్మానం చేస్తే మాత్రం ప్రభుత్వం కమిషన్ వేసి తీరాలి. కానీ సభలో మెజారిటీ ప్రభుత్వానిదే కాబట్టి ఆ దారి ప్రతిపక్షానికి దాదాపు మూసుకుపోయినట్టే.

అందుకే ప్రతిపక్షాలు “సిట్టింగ్ జడ్జి” అని పట్టుబడతాయి. పదవిలో ఉన్న జడ్జికి ప్రభుత్వం నుంచి ఆశించేది ఏమీ ఉండదని, రిటైరైన జడ్జిని ఎంచుకునే వీలు ప్రభుత్వానికి ఉంటుందని వాళ్ల వాదన. కేసులు పేరుకుపోయిన హైకోర్టులు సిట్టింగ్ జడ్జిని ఇవ్వడానికి సాధారణంగా ఒప్పుకోవు. కాళేశ్వరం విషయంలోనూ తెలంగాణ ప్రభుత్వం మొదట సిట్టింగ్ జడ్జినే అడిగింది, కుదరలేదు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి, దేశపు మొదటి లోక్‌పాల్ జస్టిస్ పినాకి చంద్ర ఘోష్‌తో కమిషన్ వేసింది.

కమిషన్‌కి సివిల్ కోర్టుకున్న అధికారాలు కొన్ని ఉంటాయి. సాక్షుల్ని పిలిపించడం, ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకోవడం, రికార్డులు తెప్పించడం అలాంటివి. ఇక్కడ జనానికి బొత్తిగా తెలియని విషయం ఒకటుంది. కమిషన్ ముందు ఒక వ్యక్తి చెప్పిన మాటల్ని తర్వాత అతని మీదే క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడుకోకూడదని చట్టంలోని 6వ సెక్షన్ చెబుతోంది. అబద్ధపు సాక్ష్యం చెప్పాడన్న కేసు ఒక్కటే దీనికి మినహాయింపు. అంటే కమిషన్ నివేదిక ఎంత కఠినంగా ఉన్నా పోలీసులు మళ్లీ మొదటి నుంచి దర్యాప్తు చేసుకోవాల్సిందే. కమిషన్ చెప్పేది సిఫారసు మాత్రమేనని సుప్రీంకోర్టు 1958లోనే దాల్మియా కేసులో తేల్చేసింది.

కమిషన్లు పనికిరావని దీనర్థం కాదు. పనికొచ్చిన సందర్భం తలుచుకుంటే ముంద్రా వ్యవహారమే ముందు గుర్తొస్తుంది. 1957లో అప్పటికింకా ఏడాది నిండని ఎల్‌ఐసీ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల్లో సుమారు 1.24 కోట్ల విలువైన షేర్లు కొంది. దాన్ని లోక్‌సభలో బయటపెట్టింది ప్రతిపక్షం కాదు. కాంగ్రెస్ ఎంపీ, సాక్షాత్తూ ప్రధాని అల్లుడు ఫిరోజ్ గాంధీ. నెహ్రూ ప్రభుత్వం జస్టిస్ ఎం.సి. చాగ్లాతో కమిషన్ వేసింది. చాగ్లా తలుపులు మూసుకోలేదు. జనం వచ్చి చూస్తుండగా ఆర్థిక మంత్రిని, పెద్ద అధికారుల్ని ప్రశ్నలడిగారు. 24 రోజుల్లో పని ముగించారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆ తర్వాత ఏ కమిషన్‌నైనా దీని పక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. బాబ్రీ మసీదు కూల్చివేతపై 1992 డిసెంబరులో వేసిన లిబర్హాన్ కమిషన్‌కి మొదట ఇచ్చిన గడువు 3 నెలలు. 48 సార్లు పొడిగించారు. నివేదిక వచ్చింది 2009 జూన్‌లో.

మేడిగడ్డ పియర్ నుంచి సెక్షన్ 8బీ దాకా

2023 అక్టోబరు 21 సాయంత్రం మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకులో 20వ పియర్ (స్తంభం) దగ్గర పెద్ద శబ్దం వచ్చింది. పియర్ కుంగింది, బరాజ్ మీది వంతెన అక్కడ వంగిపోయింది, తెలంగాణ, మహారాష్ట్రల మధ్య ఆ దారిన వెళ్లే వాహనాలు ఆగిపోయాయి. అసెంబ్లీ పోలింగుకు అప్పటికి ఇంకా 40 రోజులే ఉంది. అప్పటిదాకా కాళేశ్వరంలో అవినీతి అని ఆరోపిస్తున్న కాంగ్రెస్, బీజేపీలకు చూపించడానికి కళ్ల ముందు ఒక ఫొటో దొరికింది. కాంగ్రెస్ గెలిచి కమిషన్ వేసింది. బీజేపీ మాత్రం సీబీఐకి ఇవ్వాల్సిందేనంది. బీఆర్ఎస్ ఇదంతా రాజకీయ కక్ష అంది.

హైదరాబాద్ బీఆర్కే భవన్‌లో కమిషన్ ఇంజినీర్లను, అధికారులను, 2025 జూన్‌లో వరసగా ఈటల రాజేందర్‌ను, హరీశ్‌రావును, కేసీఆర్‌ను పిలిచి అడిగింది. జులై 31న నివేదిక ఇచ్చింది. నిర్ణయాలకు కేసీఆర్‌ను బాధ్యుణ్ణి చేసింది. కేసీఆర్, హరీశ్‌రావు హైకోర్టుకు వెళ్లారు. వాళ్లు ప్రధానంగా పట్టుకున్నది చట్టంలోని 8బీ, 8సీ సెక్షన్లను.

దీన్ని కొంచెం విడమరచాలి. కమిషన్ ఒకరిని సాక్షిగా పిలవడం వేరు, “మీ మీద ఫలానా ఆరోపణ ఉంది, మీ ప్రతిష్ఠకు భంగం కలిగే మాట మేం రాయబోవచ్చు, మీ వాదన చెప్పుకోండి” అని నోటీసు ఇవ్వడం వేరు. రెండోదే 8బీ. అలాంటి నోటీసు అందుకున్న వ్యక్తికి తన మీద సాక్ష్యం చెప్పినవాళ్లను క్రాస్ ఎగ్జామిన్ చేసే హక్కు 8సీ ఇస్తుంది. మమ్మల్ని సాక్షులుగా పిలిచి చివరికి దోషుల్ని చేశారన్నది బీఆర్ఎస్ నేతల వాదన. పిలిచాం, అడిగాం, చెప్పుకునే అవకాశం వచ్చింది కదా అన్నది ప్రభుత్వ పక్షం. సామాన్యుడికి ఇది టెక్నికల్ గొడవలా కనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. రేపు ఏ ప్రభుత్వం ఎవరి మీద కమిషన్ వేసినా ఈ ఒక్క నోటీసే ఆ మనిషికున్న రక్షణ.

దాదాపు అదే సమయంలో వేసిన విద్యుత్ కొనుగోళ్ల కమిషన్‌ది ఇంకో పాఠం. ఛత్తీస్‌గఢ్ నుంచి కరెంటు కొనుగోలు, భద్రాద్రి, యాదాద్రి ప్లాంట్లపై విచారణకు జస్టిస్ ఎల్. నరసింహారెడ్డిని నియమించారు. విచారణ పూర్తి కాకముందే ఆయన ప్రెస్‌మీట్ పెట్టి విషయాల మీద మాట్లాడారని కేసీఆర్ కోర్టుకెక్కారు. హైకోర్టు కొట్టేసింది. 2024 జులై 16న సుప్రీంకోర్టు మాత్రం ఆ ప్రెస్‌మీట్‌ను తప్పుబట్టింది. ఆయన తప్పుకున్నారు. జస్టిస్ మదన్ బి. లోకూర్ వచ్చారు. కమిషన్ రద్దు కాలేదు, మనిషి మారారు.

కేంద్రం వేసే కమిషన్లదీ ఒక పాత కథే. 1977లో జనతా ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జలగం వెంగళరావుపై వచ్చిన ఆరోపణల మీద విమదలాల్ కమిషన్ వేసింది. కర్ణాటకలో దేవరాజ్ అర్స్ మీద గ్రోవర్ కమిషన్. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి మీద కేంద్రం కమిషన్ ఎలా వేస్తుందని కర్ణాటక సుప్రీంకోర్టుకు వెళ్తే, వేయవచ్చని ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది.

జేపీసీ: లెక్క ఎలా ఉంటుంది?

ఢిల్లీలో ఏ కుంభకోణం మాట వచ్చినా మొదట వినిపించే డిమాండ్ జేపీసీ. లోక్‌సభ, రాజ్యసభ సభ్యులతో ఒక ప్రత్యేక పని కోసం వేసే కమిటీ ఇది. ఫైళ్లు తెప్పించుకోవచ్చు, అధికారుల్ని, కంపెనీల వాళ్లను పిలవచ్చు. చిక్కంతా సభ్యుల లెక్కలో ఉంది. సభలో పార్టీల బలాన్ని బట్టే కమిటీలో సీట్లు వస్తాయి.

లోక్‌సభ నుంచి 20 మందితో కమిటీ వేశారనుకోండి. 543లో అధికార కూటమికి 300 మంది ఉంటే అది 55 శాతం, అంటే 20లో 11 సీట్లు. చైర్మన్ పదవీ అటే పోతుంది. ఇదే లెక్క ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి వేసి చూడండి. 2024లో 175 సీట్లలో వైసీపీకి వచ్చినవి 11. పది మందితో సభా సంఘం వేస్తే బలం ప్రకారం వాళ్ల వాటా ఒక్క సీటు కూడా నిండదు. విచారణ ఎదుర్కోవాల్సిన పక్షమే విచారణ కమిటీలో మెజారిటీగా కూర్చుంటుందన్న విమర్శ ఇక్కణ్ణుంచే వస్తుంది.

బోఫోర్స్ నాడు జరిగింది అదే. 1987 ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో, బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలులో ముడుపుల కథనం ప్రసారం చేసింది. అప్పటి లోక్‌సభలో ప్రతిపక్షాల్లో పెద్ద పార్టీ మన తెలుగుదేశమే, 30 మంది ఎంపీలు. బి. శంకరానంద్ అధ్యక్షతన జేపీసీ వేస్తే, పరిధి సరిగ్గా లేదని ప్రధాన ప్రతిపక్షాలు బహిష్కరించాయి. దళారులకు ముడుపులు ముట్టలేదని కమిటీ 1988లో చెప్పింది. అందులో ఉన్న అన్నాడీఎంకే ఎంపీ ఆలడి అరుణ ఒక్కరే అసమ్మతి నోట్ రాశారు. 1989లో కాగ్ నివేదిక వచ్చాక ప్రతిపక్ష ఎంపీలు మూకుమ్మడిగా లోక్‌సభకు రాజీనామా చేశారు. ఆ ఏడాది జరిగిన ఎన్నికల్లో రాజీవ్ గాంధీ అధికారం కోల్పోయారు. విచిత్రం ఏమిటంటే, ఎన్టీఆర్ చైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ ఢిల్లీలో గద్దెనెక్కింది, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42లో 39 సీట్లు కాంగ్రెస్‌కే వచ్చాయి. దేశమంతా మోగిన కుంభకోణం మన పల్లెల్లో ఓటు దాకా రాలేదు.

2010లో మళ్లీ అదే. 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపులపై జేపీసీ వేయాలని ప్రతిపక్షం పట్టుబట్టడంతో శీతాకాల సమావేశాలు మొత్తం కొట్టుకుపోయాయి. 2011లో పి.సి. చాకో అధ్యక్షతన 30 మందితో వేశారు. 2013లో ఆ కమిటీ ప్రధానికి క్లీన్‌చిట్ ఇచ్చి తప్పంతా టెలికాం మంత్రిగా ఉన్న ఎ. రాజా మీద వేసింది. ప్రతిపక్ష సభ్యులు అసమ్మతి రాశారు.

2023లో అదానీ గ్రూపు షేర్లలో అక్రమాలున్నాయంటూ అమెరికా సంస్థ హిండెన్‌బర్గ్ నివేదిక వచ్చినప్పుడు ప్రతిపక్షాలన్నీ జేపీసీ అంటుంటే, శరద్ పవార్ అడ్డం తిరిగారు. అందులో మెజారిటీ అధికార పార్టీదే అయినప్పుడు నిజం ఎలా బయటికొస్తుంది, సుప్రీంకోర్టు కమిటీయే నయం అన్నారు. కాంగ్రెస్ వాదన వేరు. కోర్టు కమిటీకి ప్రభుత్వాన్ని ప్రశ్నలడిగే పరిధి ఉండదు, జేపీసీలో మైనారిటీ అయినా ఫైళ్లు చూసే హక్కు, అడిగే హక్కు, అసమ్మతి రాసే హక్కు ఉంటాయి, అదంతా రికార్డుకెక్కుతుంది అని. రెండు మాటల్లోనూ నిజముంది. పవార్ అనుభవంతోనే మాట్లాడారని కూడా గుర్తుంచుకోవాలి. 2003లో కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలపై వేసిన జేపీసీకి ఆయనే చైర్మన్. అవశేషాలున్న మాట నిజమేనని ఆ కమిటీ ఒప్పుకుంది, ప్రమాణాలు తేవాలంది. పార్టీల పరువు పణంగా లేని చోట జేపీసీ బాగానే పనిచేసింది.

పీఏసీ కుర్చీ ఎందుకంత ముఖ్యం?

కాగ్ నివేదికలను పరిశీలించేది ప్రజా పద్దుల కమిటీ, పీఏసీ. ఇది ఎప్పుడూ ఉండే కమిటీ, కుంభకోణం బయటపడే దాకా ఆగదు. పార్లమెంటులో 1967 నుంచీ దీని చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇస్తున్నారు. ఇది చట్టం కాదు, ఆనవాయితీ. ఆనవాయితీ కాబట్టే మన రెండు రాష్ట్రాల్లోనూ 2024లో గొడవైంది. తెలంగాణలో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్‌కు దగ్గరైన అరికెపూడి గాంధీకి ఇచ్చారు. ఆయన మీ పార్టీయే కదా అని కాంగ్రెస్ ఎద్దేవా చేయడం, మాకు ఇచ్చినట్టు ఎలా అవుతుందని బీఆర్ఎస్ మండిపడటం వీధి గొడవ దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ ఎన్నికను బహిష్కరించింది, కూటమిలోని జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు చైర్మన్ అయ్యారు. రెండు చోట్లా పార్టీలు వేరు, జరిగింది ఒకటే. విచారణ కోసం వీధికెక్కాల్సిన అవసరం లేకుండా ప్రతిపక్షం ఫైళ్లు చూడగలిగే ఒకే ఒక్క కుర్చీ అది. దానికి దొరకాల్సినంత చర్చ మన దగ్గర దొరకలేదు.

సీబీఐ రావాలంటే ఎవరి అనుమతి కావాలి?

పోలీసు వ్యవస్థ రాష్ట్రాల పరిధిలోది. సీబీఐ నడిచేది 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ చట్టం కింద. దాని 6వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం ఒప్పుకోకుండా సీబీఐ ఆ రాష్ట్రంలో అడుగుపెట్టలేదు. చాలా రాష్ట్రాలు ‘సాధారణ సమ్మతి’ అని ఒకటి ముందే ఇచ్చి ఉంచుతాయి. 2018 నవంబరులో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది, 2019 జూన్‌లో జగన్ ప్రభుత్వం మళ్లీ ఇచ్చింది. తెలంగాణలో 2022 ఆగస్టులో కేసీఆర్ ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అందుకే 2025 సెప్టెంబరులో కాళేశ్వరాన్ని సీబీఐకి అప్పగించాలని రేవంత్ రెడ్డి ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, ఆ ఒక్క కేసు కోసం విడిగా సమ్మతి ఇవ్వాల్సి వచ్చింది.

ఇక్కడ పార్టీల మాటలు కుర్చీని బట్టి మారడం చూస్తాం. రాష్ట్రంలో ప్రతిపక్షంలో ఉన్నప్పుడు “స్థానిక పోలీసుల మీద నమ్మకం లేదు, సీబీఐకి ఇవ్వండి”. అధికారంలోకి వచ్చి కేంద్రంతో పడకపోతే “సీబీఐ ఢిల్లీ చెప్పుచేతల్లో ఉంది”. ఇది ఒట్టి అవకాశవాదం అని కొట్టిపారేయడం తేలిక. కానీ రెండు అనుమానాలకూ ఆధారం ఉంది. స్థానిక పోలీసు అధికారి బదిలీ ముఖ్యమంత్రి చేతిలో ఉంటుంది. బొగ్గు గనుల కేసులో 2013లో సుప్రీంకోర్టే సీబీఐని పంజరంలో చిలక అంది.

2018లో అవినీతి నిరోధక చట్టంలో ఇంకో తాళం పడింది, సెక్షన్ 17ఏ. అధికార హోదాలో తీసుకున్న నిర్ణయం మీద దర్యాప్తు మొదలుపెట్టాలంటే ముందే ప్రభుత్వ అనుమతి కావాలి. నిజాయితీగా సంతకం పెట్టిన అధికారి రేపు కేసుల పాలవకూడదన్నది దాని ఉద్దేశం. అధికారంలో ఉన్నవాళ్ల మీద దర్యాప్తు ఎప్పటికీ మొదలవదన్నది విమర్శ. స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో చంద్రబాబు పట్టుకున్నది దీన్నే. 2024 జనవరి 16న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు దీనిపై చెరో తీర్పు ఇచ్చారు.

కోర్టు రంగంలోకి దిగితే

రాష్ట్రం ఒప్పుకోకపోయినా హైకోర్టు, సుప్రీంకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించవచ్చని 2010లో పశ్చిమ బెంగాల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అప్పటి నుంచి ప్రతిపక్షాల దారి సభ నుంచి కోర్టు వైపు మళ్లింది.

తిరుమల లడ్డూ వ్యవహారం దీనికి మంచి ఉదాహరణ. 2024 సెప్టెంబరులో గత ప్రభుత్వ హయాంలో నెయ్యి కల్తీ జరిగిందని, అందులో జంతువుల కొవ్వు కలిసిందని ముఖ్యమంత్రి చంద్రబాబు ఆరోపించారు. రాష్ట్రం సిట్ వేసింది. టీటీడీ మాజీ చైర్మన్, వైసీపీ ఎంపీ వై.వి. సుబ్బారెడ్డి స్వతంత్ర విచారణ కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇక్కడ ఆరోపణ చేసింది అధికార పక్షం, విచారణ అడిగింది ప్రతిపక్షం. దేవుణ్ణి రాజకీయాల్లోకి లాగొద్దని కోర్టు మందలించింది. అక్టోబరు 4న ఐదుగురితో కొత్త సిట్ వేసింది. ఇద్దరు సీబీఐ అధికారులు, ఇద్దరు రాష్ట్ర పోలీసు అధికారులు, ఆహార భద్రతా సంస్థ నుంచి ఒకరు, పైన సీబీఐ డైరెక్టర్ పర్యవేక్షణ. ఎవరి మనుషులు ఎంతమంది అన్నది కోర్టు వేళ్ల మీద లెక్కపెట్టి కూర్చింది. నమ్మకం ఎక్కడ తెగిందో ఆ కూర్పే చెబుతుంది.

కోర్టు ప్రతిసారీ ఒప్పుకోదు. రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలుపై దర్యాప్తు కోరిన పిటిషన్లను 2018 డిసెంబరులో కొట్టేసింది. అదానీ వ్యవహారంలో జస్టిస్ సప్రే నాయకత్వంలో నిపుణుల కమిటీ వేసింది, 2024 జనవరిలో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నుంచి దర్యాప్తు మార్చడానికి నిరాకరించింది.

నష్టం వేరు, లంచం వేరు

2జీలో 1.76 లక్షల కోట్లు అన్న అంకె ఇప్పటికీ జనం నోట్లో నానుతోంది. అది ఎవరో తిన్న సొమ్ము అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాగ్ చెప్పింది అది కాదు. ఊళ్లో పంచాయతీ స్థలం ఒకటి ఉందనుకోండి. వేలం వేస్తే 10 లక్షలు వచ్చేది, పాత ధరకు 2 లక్షలకే ఇచ్చేశారు. పంచాయతీకి 8 లక్షలు రాకుండా పోయింది. ఆ 8 లక్షలు సర్పంచ్ జేబులో పడ్డాయా? పడి ఉండొచ్చు, పడకపోవచ్చు, అది విడిగా రుజువు చేయాలి. కాగ్ లెక్కలు కూడా ఒకటి కాదు. పద్ధతిని బట్టి 57 వేల కోట్ల నుంచి 1.76 లక్షల కోట్ల దాకా వచ్చాయి. పేపర్ల హెడ్డింగుల్లోకి ఎక్కింది పెద్ద అంకె.

తర్వాత జరిగినవి పక్కపక్కన పెడితే అయోమయంగా ఉంటుంది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది, కేటాయింపు పద్ధతి చట్టవిరుద్ధమని. 2017 డిసెంబరు 21న ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ నిర్దోషులని వదిలేసింది, నేరం రుజువు కాలేదని. ఒకటి పద్ధతి గురించి, రెండోది నేరం గురించి. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. “కుంభకోణమే లేదు” అని ఒక పార్టీ, “దోచేశారు” అని ఇంకో పార్టీ చెప్పుకోవడానికి ఈ సందే వీలు కల్పించింది.

ఓబుళాపురం: డిమాండ్ నుంచి తీర్పు దాకా

ప్రతిపక్షం అడిగిన విచారణ చివరిదాకా నడిచి శిక్ష దాకా వెళ్లిన కేసు మన దగ్గర ఒకటుంది. అనంతపురం జిల్లా ఓబుళాపురంలో గాలి జనార్దన్ రెడ్డి కంపెనీ ఇనుప ఖనిజం తవ్వుతోంది. హద్దు రాళ్లు జరిపి, అనుమతి లేని అడవిలో తవ్వుతున్నారని ఆరోపణ. అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం అసెంబ్లీలోనూ బయటా దీన్ని వదల్లేదు. 2009 డిసెంబరులో రోశయ్య ప్రభుత్వం సీబీఐకి ఇచ్చింది. హైకోర్టు స్టేతో దర్యాప్తు ఏడాది ఆగింది, స్టే తొలగాక మళ్లీ కదిలింది. 2011 సెప్టెంబరు 5న గాలి అరెస్టయ్యారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒకటే రాష్ట్రం. తీర్పు వచ్చేసరికి రెండైంది, మధ్యలో మూడు ఎన్నికలు జరిగిపోయాయి. 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు గాలికి ఏడేళ్ల శిక్ష వేసింది. అదే తీర్పులో మాజీ మంత్రి సబితా ఇంద్రారెడ్డిని, మాజీ ఐఏఎస్ అధికారి కృపానందాన్ని నిర్దోషులంది. వాళ్లిద్దరి పేర్లూ పదేళ్లకు పైగా ఆ కేసు పక్కనే నడిచాయి.

తీర్పు రోజు బాబాయ్ ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. “అయితే అయిపోయినట్టేనా?” అన్నారు. నెల తిరిగేసరికి తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను నిలిపేసి బెయిలిచ్చింది.